చివరి వరుస

వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వవలసినదిగా సంపాదక వర్గము వారు అడిగినప్పుడు, ప్రబంధ కవుల ప్రకృతి వర్ణనలపై ఒక వ్యాసము ఇవ్వదలచినాము. అటువంటి వ్యాసము మా వద్ద సిద్ధముగానే ఉన్నది. మూడు సంవత్సరములుగా దానినే కొంచెము మార్చి ఇస్తున్నాము. ఈసారి ఒక విద్యార్థి స్టాఫ్ రూము గుమ్మము వద్ద నిలబడి, "సార్, సైకిల్ సంగతి రాయండి సార్, అందరు అడుగుతున్నరు" అన్నాడు. అందరూ ఏమి అడుగుతున్నారో మాకు తెలియును. ఆదివారము మోకాళ్ళ వరకు బురదతో, సోమవారము కుంటుతూ మేము కనిపించుటకు కారణము అడుగుతున్నారు. కావున ప్రబంధ కవులను వచ్చే ఏటికి వాయిదా వేసి, 2024 అక్టోబరు మొదలు 2025 జనవరి వరకు మేము పాల్గొన్న నాలుగు సైకిల్ పందెముల సంగతి వ్రాస్తున్నాము. పాఠకులు ఒక్క విషయము గమనించగోరుతాము. "మేము" అని వ్రాయుట ఉపన్యాసకులకు అలవాటు. గెలిచినచోట ఆ బహువచనము చెల్లవచ్చును గాని, ఓడినచోట ఉన్నది ఒక్కరే.

మాది మోస్రా గ్రామము. నిజామాబాదు నుండి వర్ని వైపు పోవు బాట ప్రక్కన మా అబ్బాకు సైకిల్ దుకాణము ఉన్నది. మా చిన్నతనములో దానిని అందరూ సైకిల్ టాక్సీ అనేవారు. గంటకు అద్దె చొప్పున ఇచ్చు పది పన్నెండు సైకిళ్ళు వరుసగా నిలబడి ఉండేవి. వెనుక మడ్‌గార్డుల మీద తెల్ల రంగుతో అంకెలు. బోధన్‌లోని శక్కర్‌నగర్ చక్కెర కర్మాగారము నడుచు నెలలలో ఒక్క సైకిలూ దుకాణములో నిలిచేది కాదు. చెరకు కోతకు వచ్చిన కూలీలకు, సినిమాకు పోవువారికి, పెండ్లి చూపులకు పోవువారికి కూడా సైకిలే. 1937లో నిజాము కాలమున స్థాపితమైన ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. అంతకు చాలా ముందే మా అద్దె సైకిళ్ళు ఒక్కొక్కటిగా పాత ఇనుపవానికి పోయినవి. ఇప్పుడు అబ్బా పంచర్లు వేస్తారు, బడిపిల్లల సైకిళ్ళకు చైను ఎక్కిస్తారు, మోటారు సైకిళ్ళకు గాలి కొడతారు. 7వ నంబరు సైకిలు మాత్రము ఇంకను గోడకు వ్రేలాడుచున్నది. మేము కాలు అందక ఫ్రేము నడుమ నుండి కాలు దూర్చి తొక్కుట నేర్చినది దాని మీదనే.

ఇక పందెముల సంగతి. ఐరోపా దేశములలో సైక్లోక్రాస్ అను ఆట కలదు. శరదృతువులో మొదలై చలికాలము ముగియు వరకు సాగును. రెండున్నర నుండి మూడున్నర కిలోమీటర్ల చుట్టు. అందులో గడ్డి, బురద, ఇసుక, మెట్లు, అడ్డుపలకలు. తొక్కగలిగినచోట తొక్కుట, లేనిచోట దిగి సైకిలును భుజాన వేసుకొని పరుగెత్తుట. అగ్రశ్రేణి పురుషులకు సుమారు ఒక గంట ఈ శిక్ష. టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లకు, అడ్డుపలక ఎత్తు 40 సెంటీమీటర్లకు మించరాదని నియమము. 40 సెంటీమీటర్లు అనగా మా పొలముల నడుమ గెట్టు ఎత్తు. ఫ్రాన్సు దేశమున డానియెల్ గూసో అను సైనికుడు 1902లో దీనికి తొలి జాతీయ పోటీ ఏర్పాటు చేసినాడు. 1910లో టూర్ ద ఫ్రాన్సు గెలిచిన ఆక్టావ్ లాపీజ్ తన విజయమునకు ఈ బురద పందెముల అభ్యాసమే కారణమని చెప్పుకొన్నాడు. తొలి ప్రపంచ పోటీ 1950లో పారిసు నగరమున జరిగినది.

మేము పాల్గొన్నవి ఈ ఆటకు దాయాదులైన కొండదారి సైకిల్ పందెములు. హైదరాబాదు శివార్లలోని రాతిగుట్టల నడుమ కొందరు ఔత్సాహికులు ఆదివారములలో నిర్వహిస్తారు. కొత్తవారి వర్గము, పై వర్గము అని రెండు ఉంటాయి. కొత్తవారికి 3 చుట్లు, పై వర్గమునకు 6 చుట్లు. కొత్తవారి వర్గములో రెండుసార్లు మొదటి మూడు స్థానములలో వచ్చినవారు మరుసటి ఏడు పై వర్గములోనే పోటీ చేయవలెను. 2023-24లో మేము ఒకసారి మూడవ స్థానము, ఒకసారి మొదటి స్థానము పొందినాము. ఒక హెల్మెటు, రెండు వేల రూపాయలు బహుమానముగా వచ్చినవి. స్టాఫ్ రూములో అందరికీ ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు ఇచ్చినాము. లెక్క చూడగా బహుమతి సొమ్ము అక్కడితో సరిపోయినది. పై వర్గమునకు ప్రమోషన్ వచ్చినదని సహోద్యోగులు అభినందించినారు. ప్రమోషన్ అనగా ఏమిటో అక్టోబరు వరకు మాకు తెలియలేదు.

ఈ ఆటలో మొదట తెలుసుకొనవలసినది వరుస. పందెము ఆరంభములో ఎవరికి తోచినచోట వారు నిలబడుటకు వీలు లేదు. క్రిందటి పందెములలో సంపాదించిన పాయింట్ల ప్రకారము ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలిచి నిలబెడతారు. క్రింది వర్గములో సంపాదించినవి పై వర్గములో చెల్లవు. 34 మందిలో, వరుసకు ఆరుగురు చొప్పున, ఆరవ వరుసలో నలుగురము మిగిలినాము. ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థులు, ఏబది దాటిన ఒక పెద్దమనిషి, మేము. ఆ పెద్దమనిషిని చూచి మాకు కొంత ధైర్యము కలిగినదని ఒప్పుకొనవలెను. ఈల మ్రోగిన తరువాత ఆయనను మరల చూచినది బహుమతి ప్రదానోత్సవములో, చాయ్ త్రాగుచుండగా.

ఆరంభమైన నూట యాభై గజములకు మార్గము ఒక్క సైకిలు పట్టునంత సన్నని బాట అగును. ముందు వరుసలవారు దూసుకొనిపోతారు. వెనుకవారు బియ్యపు దుకాణము ముందు క్యూలో వలె సైకిలు దిగి నిలబడవలెను. మా వంతు వచ్చి మేము బాటలో ప్రవేశించునప్పటికి ముందువారు ఎదుటి గుట్ట మీద చీమల వలె కనిపించినారు. రెండవ చుట్టులో మేము ఒంటరులమైనాము. తుమ్మచెట్లు, రాళ్ళు, మా ఊపిరి చప్పుడు. క్రింది వర్గములో ఉన్నప్పుడు ప్రేక్షకులు కొట్టిన చప్పట్లు ఒక రకము, ఇప్పుడు వినిపించినవి మరొక రకము. ఒక చిన్న పాప, "కమాన్ అంకుల్" అని ప్రోత్సహించినది. ముప్పది నాలుగేండ్ల వయస్సులో ఆ సంబోధనము మొదటిసారి నిజముగా మా చెవికి తగిలినది.

నాలుగవ చుట్టులో వెనుక నుండి కేక వినవచ్చినది. దారి ఇమ్మని అర్థము. ప్రక్కకు ఒదిగినాము. అందరికన్నా ముందున్న యువకుడు, మాకన్నా పూర్తిగా ఒక చుట్టు అధికముగా తిరిగి, మా ప్రక్క నుండి పోయినాడు. మమ్ము చూడను కూడా చూడలేదు. చూడనందుకు కోపము లేదు. ఆయన చూచుచున్నది దారిని. గీత వద్దకు రాగానే జెండా పట్టుకొన్న కార్యకర్త, "సార్, చాలు సార్, దిగండి" అన్నాడు. ముందువాని చుట్టు కాలములో 80 శాతము మేర వెనుకబడినవారిని మార్గము నుండి తప్పించు పద్ధతి ప్రపంచ పోటీలలో కూడ ఉన్నది. ముందువారికి అడ్డు రాకుండుటకు అది అవసరము. ఇది చదివి తెలుసుకొనుట వేరు, నలుగురి ఎదుట "చాలు సార్" అనిపించుకొనుట వేరు. గోడకు అంటించిన ఫలితముల కాగితములో మా పేరు ఎదుట "2 చుట్లు తక్కువ" అని వ్రాసినారు.

ఆ కాగితమును మాతో పాటు చూచినవాడు మా కళాశాల బి.కాం. మొదటి సంవత్సరపు విద్యార్థి. పేరు వ్రాయవద్దన్నాడు, వ్రాయము. ఈ వ్యాసము అచ్చుకు పోకముందు చదివి ఒప్పుకొన్నాడు. బోధన్ ప్రక్క గ్రామము నుండి ఉర్దూ మాధ్యమములో పదవ తరగతి, ఇంటర్మీడియట్ చదివి వచ్చిన బాలుడు. మా మాటలు విని సైకిలు మీద మోజు పడి ఒక పాత గేర్ల సైకిలు సంపాదించినాడు. దానిని అబ్బా మూడు రోజులు విప్పి బిగించి, పానాలు క్రింద పెట్టి, "ఇక నడుస్తది" అన్నారు. ఆ రోజు కొత్తవారి వర్గములో అతనికి 11వ స్థానము వచ్చినది. తిరిగి వచ్చునప్పుడు బస్సులో అతడు తన 11వ స్థానము గురించి ఆనందముగా చెప్పబోయి, మా ముఖము చూచి ఊరకున్నాడు. మా ఓటమి వలన అతని సంతోషము కూడ పోయినది. అది మాకు అప్పుడు తట్టలేదు.

ఆ బాలుడు తరగతిలో ఎప్పుడూ చివరి బల్ల మీద కూర్చుంటాడు. వాని పాఠశాలలో వాడే మొదటివాడట. ఇక్కడ అకౌంటెన్సీ పుస్తకము ఇంగ్లీషులో చేతికి రాగానే వాడి స్థానము మారిపోయినది. మాకు అది కొత్త కాదు. మోస్రా బడిలో తెలుగులో మాకు మించినవారు లేరని మా పంతులుగారు అనేవారు. డిచ్‌పల్లిలో 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయమునకు ఎం.ఏ. తెలుగు చదువుటకు పోయినాము. మొదటి పరీక్షలో మాకు వచ్చిన మార్కులు చూచుకొని కాగితమును నాలుగు మడతలు పెట్టి జేబులో దాచినాము. తోటివారు యతిప్రాసలను వేళ్ళ మీద లెక్కించుచుండగా మేము గణములే గుర్తుపట్టలేకపోయినాము. ఇంట ఉర్దూ మాటలాడువాడు తెలుగు ఎం.ఏ. ఎందుకు చదువుచున్నాడని ఎవరూ అడగలేదు. అడుగుతారేమో అని మేమే రెండు సంవత్సరములు ఎదురుచూచినాము.

ఆ రాత్రి నిద్ర పట్టక సైక్లోక్రాస్ చరిత్ర చదివినాము. ప్రపంచ పోటీలలో 1967 నుండి 1993 వరకు ఔత్సాహికులకు, వృత్తి క్రీడాకారులకు వేర్వేరు పందెములు ఉండేవి. 1994లో రెండింటిని కలిపినారు. 1968లో బెల్జియము దేశపు అన్నదమ్ములు ఇద్దరు ఒకే ఏట గెలిచినారు. అన్న ఎరిక్ డి వ్లామింక్ వృత్తి క్రీడాకారుల పందెములో, తమ్ముడు రోజర్ ఔత్సాహికుల పందెములో. అన్న మొత్తము ఏడుసార్లు ప్రపంచ విజేత. ఆ లెక్కను మాథ్యూ వాన్ డెర్ పూల్ 2025 ఫిబ్రవరిలో అందుకొన్నాడు. మమ్ము ఆకర్షించినది తమ్ముని సంగతి. ఔత్సాహికులలో ప్రపంచ విజేత అయిన రోజర్‌కు పై వర్గపు ప్రపంచ విజేత పదవి 1975లో గాని రాలేదు. నడుమ ఏడు సంవత్సరములు. ఈ సంగతి మాకు కొంత ఊరట కలిగించినది. తరువాత ఆలోచించగా, ఆయన పరాజయములకు మా పరాజయమునకు గల దూరము కూడ తెలిసివచ్చినది.

మరునాటి నుండి అభ్యాసము పెంచినాము. 1931లో పూర్తయిన నిజాంసాగరు కాలువల గట్లు, చెరకు తగ్గి వరి పెరిగిన పొలముల నడుమ బండ్ల బాటలు, ఇవి మా అభ్యాస క్షేత్రములు. మానది నల్లరేగడి నేల. ఎండినప్పుడు రాయి, తడిసినప్పుడు జిగురు. నాలుగు గజములు తొక్కునప్పటికి చక్రమునకు, బ్రేకులకు నడుమ మట్టి ముద్ద కట్టి చక్రము నిలిచిపోవును. దిగి పుల్లతో గీకవలెను. బెల్జియములో సైకిలు కడిగి ఇచ్చుటకు మార్గము ప్రక్కన మనుషులు ఉంటారు. మాకు కాలువ ఉన్నది.

సైకిలును భుజాన వేసుకొనుట మాత్రము మేము రైతుల దయ వలన నేర్చినాము. వానాకాలపు వరి కోతలైన పిమ్మట మా రోడ్డు సగము వడ్లతో నిండి ఉండును. కిలోమీటరు తరువాత కిలోమీటరు ఆరబోసిన వడ్లు, అంచున రాళ్ళు, రాత్రికి టార్పాలిను పట్టాలు. మొదటి రోజే ఒక ముసలమ్మ చీపురు ఎత్తి, "ఓ సారూ, దిగు దిగు! చదువుకున్నోనివి, వడ్ల మీంచి పోతవా?" అని కేక వేసినది. దిగినాము. అటు పోవు లారీ వలన రెండవ ప్రక్కకు పోవ వీలు లేదు. సైకిలును భుజాన ఎత్తుకొని రోడ్డు దిగి, మోరీ దాటి, గట్టెక్కి, వడ్లు ముగిసినచోట మరల ఎక్కినాము. చైను కుడివైపు ఉండును గనుక ఎడమవైపే దిగవలెను. ఫ్రేము పై గొట్టము కుడి భుజము మీద, చేయి క్రింది గొట్టము చుట్టి హ్యాండిలు మీద. ఇంటి నుండి పోయి వచ్చునప్పటికి ఇరవై సార్లు ఎక్కి దిగుట అయ్యేది. రెండు వారములకు ఆ ముసలమ్మయే, "ఇప్పుడు జర మంచిగ ఉర్కుతున్నవ్ సారూ" అని సర్టిఫికెటు ఇచ్చినది. పందెపు దుస్తుల విషయము కూడ కమిటీ పెద్దల సందేహము తీరుటకు చెప్పవలెను. మోస్రా పొలిమేర దాటువరకు మేము వాటి మీద లాల్చీ, పాయజామా ధరించియే పోతాము.

టైరులో గాలి ఎంత ఉండవలెను అను విషయమున అబ్బాకు మాకు వాదము వచ్చినది. మా ఇంటి మాట దక్కనీలో సాగును, ఇచ్చట తెలుగు చేసి వ్రాస్తున్నాము. "గట్టిగ కొట్టాలె. బొటనవేలు దిగొద్దు" అన్నది అబ్బా సిద్ధాంతము. నలభై ఏండ్లుగా ఆయన రోడ్డు సైకిళ్ళకు ఆ విధముగానే కొట్టినారు. బురదలోను, రాళ్ళలోను గాలి తగ్గించినచో టైరు నేలను పట్టుకొనునని మేము చదివినాము. మా మాటే నెగ్గించుకొని నవంబరు పందెమునకు గాలి బాగుగా తగ్గించి పోయినాము. రెండవ చుట్టులో ఒక రాతి మీద చక్రము దిగగానే బుస్సుమన్నది. సైకిలును భుజాన వేసుకొని ఒక కిలోమీటరు పరుగెత్తి, ట్యూబు మార్చుకొనునప్పటికి జెండా మనిషి మా కొరకు చూచుచున్నాడు. ఈసారి ఆయన "చాలు" అని కూడ అనలేదు. నవ్వినాడు. ఇంటికి వచ్చి ట్యూబును నీటి తొట్టిలో ముంచగా ప్రక్కప్రక్కనే రెండు రంధ్రములు. రాయికి, రిమ్ముకు నడుమ ట్యూబు నలిగినప్పుడు అట్లే రెండు పడును. అబ్బా వాటిని చూచి ఏమియు అనక, రెండు ప్యాచీలు కత్తిరించినారు.

ఇప్పుడు డిసెంబరు సంగతి. దీనిని దాటవేసి వ్రాయుటకు చాలా ఉపాయములు ఆలోచించినాము.

పొరుగు రాష్ట్రములోని ఒక పట్టణమున అటువంటి పందెమే పెట్టుచున్నారని తెలిసినది. నిర్వాహకులు వేరు, మమ్ము ఎరుగరు. ఫోనులో దరఖాస్తు నింపునప్పుడు వర్గము ఏదని అడుగు చోట రెండు గుండ్రని గుర్తులు ఉన్నవి. కొత్తవారు అను దాని మీద వ్రేలు పెట్టినాము. పెట్టుటకు అరక్షణము పట్టినది. దానిని సమర్థించుకొనుటకు పందెము వరకు గల రెండు వారములు పట్టినది. ఈ పట్టణములో మేము కొత్తవారమే కదా అనుకొన్నాము. మన నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబులులో 52 కిలోల వర్గమున ప్రపంచ విజేత అయి, ఒలింపిక్సులో ఆ వర్గము లేనందున 50 కిలోలకు దిగలేదా అనుకొన్నాము. ఆమె దిగి 2023లో ఢిల్లీలో మరల ప్రపంచ విజేత అయినది నిజమే. కాని ఆమె దిగినది ఆకలి మాడ్చుకొని, తనకన్నా చురుకైనవారి నడుమకు. మేము దిగినది మాకన్నా తక్కువవారి నడుమకు. ఈ భేదము తెలియనంత అమాయకులము కాము. తెలియనట్లు రెండు వారములు గడిపినాము.

ఆ బాలుడు కూడ వచ్చినాడు. మాతోపాటు ఒకే ఆరంభ గీత మీద నిలబడినప్పుడు మా వైపు చూచినాడు. పై వర్గపు పందెము తరువాత మరొక గంటకు ఉన్నదని మైకులో చెప్పుచున్నారు. మేము చేతి తొడుగులు సవరించుకొన్నాము. మూడు చుట్లలో చాలా హాయిగా తొక్కినాము. కాళ్ళు తేలికగా ఆడినవి, ప్రేక్షకుల చప్పట్లు పాత రకముగా వినిపించినవి. పాలు పోయు ఒక యువకుడు మొదట వచ్చినాడు, మేము రెండవవారము. మా విద్యార్థి నాలుగవవాడు. మూడవవానికి అతనికి నడుమ ఎనిమిది సెకండ్లు. మూడు మెట్ల బల్ల మీద నిలబడి ఫోటో దిగినాము. ఫోటో తీయువాని వెనుక ఆ బాలుడు మా సంచి పట్టుకొని నిలబడి ఉన్నాడు.

తిరుగు రైలులో కప్పును మా ఒడిలో పెట్టుకొన్నాము. బాసర వద్ద గోదావరి వంతెన మీద రైలు నెమ్మదిగా పోవుచుండగా అతడు కిటికీ వైపు చూస్తూ, "సార్, అక్కడ పై వర్గం కూడ ఉండె గద సార్?" అన్నాడు.

"ఉండె" అన్నాము.

అతడు మరేమియు అడగలేదు. నిజామాబాదు వచ్చువరకు మా ఇద్దరి నడుమ ఆ కప్పు మాత్రము మెరుస్తూ ఉన్నది. ఇంటికి పోగానే అబ్బా దానిని చేతిలోకి తీసుకొని బరువు చూచి, "ఎవరితోని గెలిచినవ్ బేటా?" అన్నారు. ఆయనకు ఏమియు తెలియదు. సహజముగా అడిగిన మాట. పిల్లలతో అని చెప్పలేక, అన్నము తినుటకు పోయినాము.

మూడు రోజుల పిమ్మట నిర్వాహకులకు లేఖ వ్రాసినాము. మొదటి ప్రతిలో "పొరపాటున" అను మాట పడినది. తెలుగు ఉపన్యాసకులకు ఒక మాట బరువు తెలియవలెను గదా. దానిని కొట్టివేసి రెండవ ప్రతిలో "నియమములు స్పష్టముగా తెలియనందున" అని వ్రాసినాము. అదియు చింపినాము. మూడవ ప్రతిలో, మేము పై వర్గమునకు చెందినవారమని, తెలిసియే క్రింది వర్గములో పాల్గొన్నామని, ఫలితములు సవరించవలసినదని మూడు వాక్యములు మాత్రమే ఉన్నవి. వారి జవాబు ఇంకను చిన్నది. కప్పును క్రొత్త రెండవ స్థానము వారికి పంపవలెను, ఈ సంవత్సరము మా పందెములకు రావద్దు. న్యాయమే. కప్పును అట్టపెట్టెలో పెట్టి వడ్ల గడ్డి కుక్కి పార్సిలు చేసినాము. అబ్బా గోడ మీద ఖాళీ స్థలము చూచి, ఏమైనదని అడిగినారు. చెప్పినాము. ఆయన చాలాసేపు ఒక స్పోకును సరిచేయుచు, "సైకిల్ టాక్సీ నడిపినప్పుడు గంట ఎక్కువ తిప్పి తక్కువ చెప్పినోళ్ళను నేను గుర్తుపడుతుంటి. బేరింగు వేడి చెప్తది" అన్నారు. అంతకు మించి ఏమియు అనలేదు.

రెండు వారములకు ఆ బాలునికి మూడవ స్థానపు సర్టిఫికెటు పోస్టులో వచ్చినది. స్టాఫ్ రూముకు తెచ్చి చూపించినాడు. చాలా సంతోషమన్నాము. "సంతోషమే సార్. కని అమ్మీకి ఫోటో చూపియ్యాల్నని ఉండె" అన్నాడు. ఆ ఫోటోలో రెండవ మెట్టు మీద మేమున్నాము. సర్టిఫికెటును సవరించవచ్చును, ఫలితముల కాగితమును సవరించవచ్చును. ఆ ఉదయము ఆ మెట్టు మీద అతనిని నిలబెట్టు ఉపాయము ఇంతవరకు మాకు దొరకలేదు. క్షమించమని అడిగినాము. పెద్దవారు అట్లు అడుగరాదన్నట్లు కంగారు పడి, గంట కొట్టినారని తరగతికి పరుగెత్తినాడు. గంట కొట్టలేదు.

జనవరిలో మరల హైదరాబాదు శివారు. మరల చివరి వరుస. 33 మంది. ఈసారి గాలి విషయమున అబ్బా, మేము ఒక రాజీకి వచ్చినాము. ఆయన బొటనవేలితో నొక్కి, మేము కొంచెము వదలి, ఆయన మరల కొంచెము కొట్టి, ఇద్దరికీ నచ్చని ఒక కొలత వద్ద ఆగినాము. సన్నని బాట మొదలగుచోట అందరూ సైకిళ్ళు దిగి వేచి ఉండగా, వడ్ల రోడ్డు జ్ఞాపకము వచ్చినది. సైకిలును భుజాన ఎత్తుకొని ప్రక్కనున్న రాళ్ళ మీదుగా పరుగెత్తినాము. అది నియమ విరుద్ధము కాదు, మార్గము హద్దు త్రాటికి లోపలే ఉన్నది. అక్కడే ఏడుగురిని దాటినాము. వారిలో ఐదుగురు ఒక చుట్టు ముగియకముందే మమ్ము మరల దాటిపోయినారు. మిగిలిన ఇద్దరిని ఎట్లయినను వెనుకనే ఉంచవలెనని నాలుగు చుట్లు మా శక్తి అంతా పెట్టినాము. క్రింది వర్గములో మొదటి స్థానము కొరకు కూడ అంత శ్రమపడలేదు.

మూడవ మలుపు వద్ద, తుమ్మచెట్టు క్రింద, మా విద్యార్థి నిలబడి ఉన్నాడు. వాని పందెము ఉదయమే ముగిసినది. ఆరవవాడు. పిలువకుండగనే వచ్చి నిలబడినాడు. మేము ఆ మలుపు తిరిగినప్పుడెల్ల, "సార్, ముంగట ఒక్కడే, పది సెకన్లు! వాని చైను లూజున్నది సార్!" అని అరచినాడు. తరగతిలో మేము ప్రశ్న అడిగినప్పుడు వానికి రాని గొంతు అది. ఐదవ చుట్టులో చైను వదులైనవానిని అందుకొన్నాము. ఆ వెంటనే వెనుక నుండి ముందువాని కేక. ప్రక్కకు ఒదిగినాము. గీత వద్ద జెండా మనిషి మా వైపు, గడియారము వైపు చూచి, ఆ రోజు ఏ కారణముననో జెండా ఎత్తలేదు. చేయి ఊపి పొమ్మన్నాడు. ముందువాడు ఆ చుట్టుతో పందెము ముగించినాడు గనుక మేము కూడ అక్కడనే ఆగవలెనట. ఆ సంగతి తెలియక మరొక అర కిలోమీటరు తొక్కినాము. బాలుడు పరుగెత్తి వచ్చి ఆపినాడు.

ఫలితముల కాగితములో మా పేరు ఎదుట "1 చుట్టు తక్కువ" అని ఉన్నది. రాత్రి మోస్రా చేరునప్పటికి అబ్బా దుకాణము షట్టరు సగము దించి కూర్చొని ఉన్నారు. సైకిలును బల్బు క్రిందికి లాగి, వెనుక చక్రమును ఎత్తి త్రిప్పి చెవి దగ్గర పెట్టుకొని విన్నారు.

"ఎంతమంది ఉరికిన్రు?"

"ముప్పై ముగ్గురు."

"నీ ఎన్క?"

"నలుగురు."

"వాళ్ళకు పంచరైందా?"

"ఇద్దరికి."

ఆయన చక్రమును మరొకసారి త్రిప్పినారు. "బేరింగు పోయింది. రేపు బస్సుల పో కాలేజీకి, దీన్ని ఈడ ఇడిచిపెట్టు" అన్నారు.